డబ్బా మోగింది, మాత్ర మాత్రం స్ట్రిప్‌లోనే ఉంది

మా నాన్నకి కిడ్నీ మార్చి 3 ఏళ్లయింది. ఇచ్చింది అమ్మే. కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా చూసే టాక్రోలిమస్ మాత్ర ఉదయం 8కి, మళ్లీ రాత్రి 8కి, సరిగ్గా 12 గంటల తేడాతో పడాలి, దానికి తోడు మైకోఫినోలేట్, స్టెరాయిడ్, బీపీ మాత్రలు. వాళ్లు గుంటూరులో, నేను బెంగళూరులో. రోజూ ఫోన్ చేసి అడిగితే నాన్నకి కోపం. అందుకని ఫోన్‌కి కనెక్టయ్యే మాత్రల డబ్బా ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను, పేరెందుకులెండి. టైమ్‌కి మోగుతుంది, మూత తీస్తే వేసుకున్నట్టు రాసుకుంటుంది, తీయకపోతే అరగంటకి నాకు మెసేజ్ పెడుతుంది.

అలారం మాత్రం గట్టిదే. టీవీలో సీరియల్ నడుస్తున్నా వంటింట్లోకి వినపడుతుంది.

మొదటి నెలంతా యాప్‌లో పచ్చ టిక్కులే, తెగ మురిసిపోయాను. తీరా టాక్రో లెవెల్, అంటే రక్తంలో ఆ మందు ఎంతుందో చూసే పరీక్ష, చేయిస్తే పోయినసారికంటే బాగా తక్కువ వచ్చింది. యాప్ చూపించబోతే డాక్టరుగారు అటు చూడకుండానే "రాత్రి డోసులు తప్పుతున్నాయా?" అని సూటిగా అడిగారు. నాన్న నేలచూపులు. తేలిందేంటంటే, మోత ఆపడానికి మూత తీసి మూసేసి, కాసేపాగి వేసుకుందాంలే అనుకుని అలాగే నిద్రపోయేవారట. అమ్మ ఊరుకుంటుందా, "నా కిడ్నీ పెట్టుకుని నాకే టోకరానా" అని ఆసుపత్రి వరండాలోనే అందుకుంది. మూత తెరుచుకుందో లేదో తప్ప మాత్ర గొంతు దిగిందో లేదో ఈ డబ్బాకి తెలీదు.

ఇంకోటి, టాక్రోలిమస్‌కి తేమ పడదు, స్ట్రిప్‌లోంచి తీసిన వెంటనే వేసుకోవాలి, వారానికి సరిపడా విప్పి అరల్లో పోయకూడదు. పోనీ స్ట్రిప్ కత్తిరించి పెడదామంటే ఈ అరల్లో పట్టి చావదు. లెవెల్ పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే ఉదయం మాత్ర వేసుకోవాలి కదా, ల్యాబ్‌లో లైనుంటే ఒక్కోసారి 9 దాటుతుంది, ఇది 8:30కే 'మిస్సయింది' అని ఎర్రగా మెసేజ్ పెట్టి నాకు టెన్షన్ తెప్పిస్తుంది. ఆ ఒక్కరోజుకి టైమ్ జరుపుకునే వీలే లేదు.

ఇప్పుడు అమ్మ ఖాళీ స్ట్రిప్పులు పారేయకుండా పాత హార్లిక్స్ సీసాలో వేస్తోంది, ఆదివారం కూర్చుని లెక్కపెడుతుంది. పోయిన నెల లెవెల్ సరిగ్గానే వచ్చింది. 2 స్టార్లు, అవీ అలారానికే.