గాలికొదిలిన ఉత్తరాలు: పారిస్ ముట్టడి తపాలా సేవపై సమీక్ష

1870 సెప్టెంబర్ 19 నాటికి ప్రష్యా సైన్యం పారిస్‌ను చుట్టేసింది. రోడ్లు, రైళ్లు, టెలిగ్రాఫ్ తీగలు అన్నీ బంద్. నాలుగు రోజులకే, 23న, మోమార్త్ర్ గుట్ట పాదాన ఉన్న మైదానం నుంచి నెప్ట్యూన్ అనే బెలూన్ 125 కిలోల ఉత్తరాలతో లేచి, మూడు గంటల పైచిలుకు ప్రయాణించి ఎవ్రూ దగ్గర దిగింది. అప్పటినుంచి 1871 జనవరి చివర్లో సంధి కుదిరేదాకా ఈ తపాలా నడిచింది. మామూలు కస్టమర్ లెక్కన తూచి చూస్తే ఉత్తరం పంపడానికి భేషైన సేవ. జవాబు రప్పించుకోవడానికి మాత్రం దేవుడిమీద భారం వేయాల్సిందే.

ముందు ధర. దేశంలోపలికి ఉత్తరానికి 20 సాంటీమ్‌లు (వంద సాంటీమ్‌లు ఒక ఫ్రాంకు). ముట్టడికి ముందూ ఇదే రేటు, కాకపోతే అప్పుడు 10 గ్రాముల దాకా పంపొచ్చు, ఇప్పుడు 4 గ్రాములే. ఇవాళ మనం జిరాక్సుకు వాడే ఏ4 కాగితం ఒక్కటే 5 గ్రాములు తూగుతుంది, అంటే అది కౌంటర్ దగ్గరే తిరిగొస్తుంది. అందుకే ఉల్లిపొర లాంటి కాగితం తీసుకుని, సన్నటి అక్షరాలతో నింపి, మన ఇన్‌లాండ్ లెటర్‌లా మడిచి వెనక చిరునామా రాసేవాళ్లు. కవరు దండగ. ఓ వైపు ముట్టడి వార్తలు అచ్చేసి, మిగతా చోటు ఖాళీగా వదిలిన పల్చటి కాగితాలు కూడా అమ్మారు. రాయడానికి బద్ధకించేవాళ్లకు అవి బాగా పనికొచ్చాయి.

బెలూన్ల తయారీకి రైళ్లు ఆగిపోయి ఖాళీగా పడున్న స్టేషన్లను వాడారు. నూలు గుడ్డను కుట్టి, అవిసె నూనె వార్నిష్ పూసి, వీధి దీపాల కోసం ఊళ్లో ఉన్న బొగ్గు గ్యాస్‌తోనే సుమారు 2,000 ఘనపు మీటర్లు నింపేవాళ్లు. నడిపేవాళ్లు చాలకపోతే నావికులకు స్టేషన్ దూలానికి వేలాడదీసిన తొట్టిలోనే శిక్షణ ఇచ్చారు. చేతిలో ఉన్నవి రెండే: ఇసుక బస్తా పారబోస్తే పైకి, కవాటం తెరిస్తే కిందికి. పక్కకు తిప్పడానికి ఏమీ లేదు. పైగా చలికి గ్యాస్ ముడుచుకుంటుంది, బెలూన్ దిగజారుతుంది, ఇసుక తొందరగా అయిపోతుంది.

నవంబర్‌లో కొన్ని పట్టుబడేసరికి రాత్రిపూట వదలడం మొదలెట్టారు. తుపాకీ గుళ్లు తప్పాయి గానీ కింద నేలో నీళ్లో తెలియని తిప్పలు వచ్చాయి. 24 రాత్రి బయల్దేరిన విల్ దోర్లియాన్ అనే బెలూన్ మర్నాడు మధ్యాహ్నం ఏకంగా నార్వే మంచుకొండల్లో తేలింది. మొత్తం 60కి పైగా లేస్తే ఐదు శత్రువు చేతికి చిక్కాయి, రెండు సముద్రంలో కలిశాయి. యుద్ధంలో ఇంతకన్నా ఏం కావాలి?

లోపలికి బెలూన్ రాలేదు, గాలి మన మాట వినదు గనక. ఆ పని, ఎక్కడ వదిలినా పారిస్ గూటికి తిరిగొచ్చే పావురాలది. బుట్టల్లో బెలూన్ ఎక్కించి బయటికి పంపి, ముట్టడి బయట ఉన్న తూర్ నగరంలో సందేశాలు కట్టి, రైల్లో పారిస్‌కు వీలైనంత దగ్గరికి తెచ్చి వదిలేవాళ్లు. డాగ్రాన్ అనే ఫొటోగ్రాఫర్ నవంబర్ 12న బెలూన్‌లోనే బయటపడి, సందేశాల అచ్చు పేజీలను కొలోడియన్ అనే పల్చటి పారదర్శక పొర మీదికి కుదించాడు. ఒక్కో పొర 0.05 గ్రాము, అందులో వేల సందేశాలు. పద్దెనిమిది పొరలు చుట్టినా ఒక గ్రాము దాటదు. ఈక కాడలో దూర్చి, మైనం పట్టించిన దారంతో తోక ఈకకు కడితే సరి.

పారిస్‌లో ఆ కాడను చీల్చి, అమ్మోనియా చుక్కలు కలిపిన నీళ్లలో పొరను వేస్తే చుట్ట విడిపోతుంది. ఆరబెట్టి, రెండు గాజు పలకల మధ్య పెట్టి, మాజిక్ లాంతరుతో (పాతకాలపు ప్రొజెక్టర్) తెర మీద పెద్దది చేస్తే గుమస్తాలు చదివి రాసుకునేవాళ్లు. ఈ సేవలో నిజంగా మెచ్చుకోవాల్సిన పని ఇదే.

కానీ ధర మండిపోయేది: మొదట మాటకు 50 సాంటీమ్‌లు, ఇరవై మాటలకే పది ఫ్రాంకులు. అదే డబ్బుకు యాభై బెలూన్ ఉత్తరాలు వస్తాయి. అంత పోసినా చేరుతుందన్న నమ్మకం లేదు. సుమారు 300 పావురాలు వదిలితే తిరిగొచ్చినవి 60 లోపే. మంచు, పొట్టి పగళ్లు, డేగలు ఒక ఎత్తు; డిసెంబర్‌లో తూర్‌లో ఉన్న ప్రభుత్వం ఇంకా దూరాన ఉన్న బోర్డోకు తరలాక వదిలే చోటు దూరమైపోవడం ఇంకో ఎత్తు. అందుకే ఒకే పొర నకళ్లు పావురం తర్వాత పావురానికి కట్టారు. ఒక్క ఫ్రాంకు అవును-కాదు కార్డు మేలు: బెలూన్ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు రాస్తే పావురం మీద అవును, కాదు అని నాలుగు జవాబులు వస్తాయి. "అమ్మ బాగుందా? డబ్బు అందిందా?" వరకూ అది చాలు.

ఎంత ఆశ చూపినా డబ్బు పెట్టకూడనిది మూలాన్ అనే ఊరి పేరుతో పిలిచే గుండ్ల మీద. కొన్ని వందల ఉత్తరాలు కుక్కిన, రెక్కలున్న జింక్ గుండును ఎగువన సీన్ నదిలో వదిలితే ప్రవాహానికి దొర్లుతూ పారిస్ చేరాలి, అక్కడ వలలో పడాలి. జనవరిలో నదిలో మంచు గడ్డలు. ముట్టడి ముగిసేలోపు ఒక్కటీ చేరలేదు. దశాబ్దాల తర్వాత కూడా బురదలోంచి బయటపడుతూనే ఉన్నాయి.