మోకాలి నొప్పికి కొన్నవాటిలో నిలిచినవీ, అటకెక్కినవీ

నొప్పి మోకాలికి తొడుక్కునే సాగే తొడుగు, అదే నీ క్యాప్ (knee cap), కొనాలా అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: ముందు చేతికర్ర కొనండి. ఈ మాట ఎవరికీ నచ్చదు. క్యాపైతే చీర కింద దాగుతుంది, కర్ర నలుగురికీ కనబడుతుంది. "అప్పుడే ముసలిదానివైపోయావా వదినా" అనే పలకరింపు దానికి కొసరు.

నిలబడి పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. నాది కుడి మోకాలు, లోపలి వైపు అరుగుదల. ఎక్స్‌రే నిలబెట్టి తీశారు, బరువు పడితేనే ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో సరిగా తెలుస్తుందట. రిపోర్టులో గ్రేడ్ 3 అని రాసుంది. ఉన్నవే 4 గ్రేడ్లని తెలిసి ఇంటిల్లిపాదీ హడలిపోయారు గానీ, ఫిల్ములో కనిపించే అరుగుదలకీ మనం పడే నొప్పికీ లెక్క కుదరాలని లేదు. గ్రేడ్ 2తో మంచం దిగలేనివాళ్లున్నారు, గ్రేడ్ 4తో రైతుబజారుకి నడిచివెళ్లేవాళ్లూ ఉన్నారు. పైగా అరిగేది గుజ్జు ఒక్కటే కాదు. ఎముక అంచులు పెరుగుతాయి, లోపలి పొర వాస్తుంది, నొప్పికి భయపడి వాడకపోయేసరికి తొడ కండరం చిక్కిపోతుంది. ఏ ఒక్క వస్తువూ ఇన్నిటికీ మందు కాలేదు.

సరే, కర్ర. నాది సర్జికల్ షాపులో కొన్న అల్యూమినియంది, బటన్ నొక్కి ఎత్తు మార్చుకునే రకం. షాపతను ఎత్తు పెంచి చేతికిచ్చాడు, భుజం పైకి లేచి సాయంత్రానికి మెడ పట్టేసింది. చెప్పులేసుకుని నిలబడి చెయ్యి వదిలేస్తే, మణికట్టు మడత దగ్గరికి పిడి రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి కాస్త వంగాలి. ఇది సరిచేసింది ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి. "టీచరమ్మా, నొప్పి కుడికాలికి కదా, కర్ర ఎడంచేతికి మార్చండి" అంది. నాకు విడ్డూరంగా తోచింది. నమ్మించడానికి వరండాలో అటోసారి ఇటోసారి నడిపించింది. కుడిచేత పట్టుకుంటే ఒళ్లంతా కుడివైపుకే ఒరుగుతోంది. ఎడమకి మార్చి, కర్రా కుడికాలూ ఒక్కసారే ముందుకు వేస్తే, అడుగు పడ్డప్పుడు మోకాల్లో కలుక్కుమనేది సగానికి సగం తగ్గింది. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు కర్రా నొప్పికాలూ ముందు.

దీని లోపాలూ చెప్పాలి. గోడకి ఆనిస్తే ధబీమని పడుతుంది. కూరల దగ్గర డబ్బు తియ్యడానికి చెయ్యి ఖాళీ ఉండదు. అడుగు రబ్బరు అరిగి గీతలు పోతే తడి గ్రానైట్ మీద జారుతుంది, అప్పుడప్పుడు తిరగేసి చూసుకోవాలి. రబ్బరు విడిగా దొరుకుతుంది, కర్ర మార్చక్కర్లేదు.

నీ క్యాప్ సంగతి. బయటికి వెళ్లేటప్పుడు కాలికి ధైర్యంగా ఉంటుంది, అంతే. అరుగుదలని ఆపదు. ఎండాకాలం లోపల చెమట పట్టి దురద. సైజు కళ్లతో చూసి ఇచ్చేస్తారు, టేపు పెట్టించుకోండి. వదులైతే జారుతుంది, బిగువైతే మోకాలి వెనక మడతపడి గీరుకుంటుంది. రాత్రి తీసెయ్యాలి. ఇరువైపులా కమ్ముల్లాంటివున్న పెద్ద బ్రేసూ కొన్నాను. దాని వెల్క్రో చీర ఫాల్‌ని పట్టుకుని దారాలు లాగేసింది. ఆటో ఎక్కాలన్నా అవస్థే. అటకెక్కింది.

నొప్పికి పైన రాసుకునే జెల్ విషయంలో నాకు మంచి అభిప్రాయమే ఉంది, డైక్లోఫినాక్ ఉన్నదైతే. చల్లగా చురుక్కుమనిపించేది మెంథాల్, వాపు మీద పనిచేసేది డైక్లోఫినాక్. బఠాణీ గింజంత రాసి పనిచెయ్యలేదంటారు గానీ, మోకాలికి పూటకి 2 నుంచి 4 గ్రాములు, రోజుకి మూడు నాలుగుసార్లు రాయాలి. ఆ లెక్కన 30 గ్రాముల ట్యూబు వారం కూడా రాదు, ఖర్చే. అయినా నాకు బీపీ ఉంది, నొప్పి మాత్రలు బీపీకీ కిడ్నీకీ కడుపుకీ మంచివి కావు. జెల్ నుంచి రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే బాగా తక్కువ. రాసిన చోట మాత్రం వేడి కాపడం పెట్టకూడదు. వావిలాకు నీళ్ల కాపడం నేను పొద్దున పెట్టుకుంటాను, హాయిగా ఉంటుంది. అంతకుమించి దానికి గొప్పలు అంటగట్టను.

కీళ్ల గుజ్జుకి మంచిదని అమ్మే గ్లూకోసమిన్ పొడి నెలల తరబడి తాగాను. తేడా సున్నా. 2006లో అమెరికాలో 1,583 మంది మీద చేసిన పెద్ద పరీక్షలోనూ, మొత్తమ్మీద చూస్తే ఉత్తుత్తి మాత్రని మించి పనిచెయ్యలేదు. ఇంకో సంగతి, అది చాలావరకు రొయ్యల, పీతల పెంకుల నుంచి తీస్తారు. శాకాహారులు డబ్బా వెనక చదువుకోండి. మా అక్కయ్యకి ఇది చెప్పాక నాతో వారం మాట్లాడలేదు.

డబ్బు పెట్టకుండా దొరికిందే అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది: తొడ వ్యాయామం. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ అయిదు లెక్కపెట్టడం. తర్వాత కాలు బిర్రుగా చాపి జానెడు ఎత్తు లేపి నిలపడం. మూడోది, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం. మొదట్లో విసుగు, పైగా నొప్పి. ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని ముందే చెప్పారు కాబట్టి మానలేదు. ఒకరోజు బస్సు మెట్టు మీద కమ్మీ పట్టుకోకుండానే కాలు పైకి లేచింది. కండక్టరు "పట్టుకోండమ్మా" అని కసిరాడు.

బరువు తగ్గమంటే అందరికీ కోపమొస్తుంది, నాకూ వచ్చింది. ఒక్క కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని విన్నాక రాత్రి అన్నం తగ్గించాను. పీట, బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం మానేశాను. వ్రతాలకి కుర్చీ అడగడానికి ఇప్పుడు మొహమాటం లేదు.

పొద్దున లేవగానే మోకాలు బిగుసుకుని అరగంటలోపు సర్దుకుంటే అది ఎక్కువగా అరుగుదలే. గంటదాకా వదలకపోయినా, వేళ్ల కీళ్లు కూడా వాచినా అది వేరే జబ్బు కావచ్చు, రక్తపరీక్ష చేయించుకోవాలి. మోకాలు ఎర్రగా వేడెక్కి జ్వరం వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మోకాలి మార్పిడి ఆపరేషన్ మాటా వచ్చింది. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల (లోపల అమర్చే కృత్రిమ కీళ్ల) ధరకి కళ్లెం వేసింది, అప్పట్లో ఎక్కువమంది వాడే కోబాల్ట్ క్రోమియం లోహపు రకానికి జీఎస్టీ కాక 54,720 రూపాయలు. అది ఇంప్లాంట్ ధరే, ఆస్పత్రి బిల్లు వేరు. రాత్రుళ్లు నొప్పికి నిద్ర పట్టకపోతేనో, వీధి చివరిదాకా నడవలేకపోతేనో అప్పుడు ఆలోచిద్దాం అన్నారు మా డాక్టరుగారు. ఇంకా అక్కడిదాకా రాలేదు. వచ్చినా, ఆపరేషన్‌కి ముందూ తర్వాతా చేయించేది ఈ తొడ వ్యాయామాలేనట, కాబట్టి ఆ తువ్వాలు చుట్ట మంచం మీదే ఉంచుతున్నాను.