మార్సియానో 49-0, అలీ 56-5: ఏ రికార్డు మేలు?

హెవీవెయిట్ బాక్సర్ రాకీ మార్సియానో 49 ఫైట్లు ఆడి 49 గెలిచాడు, 43 నాకౌట్లు. మహమ్మద్ అలీ 61 ఆడి 56 గెలిచాడు, 37 నాకౌట్లు, 5 ఓటములు. కర్నూలు టీ అంగట్లో వాదన పెడితే ఆ సున్నాయే గెలుస్తుంది. అయితే బాక్సింగ్ రికార్డును క్రికెట్ సగటు చూసినట్టు చూస్తే మోసపోతాం. ఎదురు నిలిచింది ఎవరు, అప్పటికి అతని వయసెంత, ఎలా ముగిసింది? ఈ మూడూ పక్కన రాసుకోవాలి.

రాసుకుంటే మార్సియానో వైపు తేలేదిది. అతను ఓడించిన పెద్ద పేర్లలో, 1951లో జో లూయిస్‌కు 37 ఏళ్లు, 1952లో వాల్కాట్‌కు 38, 1955లో ఆర్చీ మూర్‌కు కనీసం 38. మార్సియానో మాత్రం 32 ఏళ్లకే, 1956లో గ్లవ్స్ విప్పేశాడు. అలీ 1974లో ఢీకొన్న ఫోర్‌మన్‌కు 25 ఏళ్లు, అప్పటికి 40 ఫైట్లలో ఓటమే లేదు. ఎనిమిదో రౌండులో అలీ అతన్ని పడగొట్టాడు. ఇక అలీ ఓడిన ఐదింటిలో ఫ్రేజియర్, నార్టన్, లియోన్ స్పింక్స్ ముగ్గురినీ తర్వాత మళ్లీ ఓడించాడు. హోమ్స్, బెర్బిక్ చేతిలో ఓడినవి 38, 39 ఏళ్ల వయసులో, ఆడకుండా ఉండాల్సిన ఫైట్లు. 1967 నుంచి మూడేళ్లకు పైగా రింగుకు దూరమైన కాలం వేరే. రికార్డుగా నా ఓటు అలీకే.

నేర్చుకోవడానికి మాత్రం మార్సియానోనే మేలు. మన సీమ కుర్రాళ్లలో చాలామందికి అలీ అంత ఎత్తు, 78 అంగుళాల రీచ్ (చాచిన రెండు చేతుల కొన నుంచి కొనకు పొడవు) ఉండవు. మే నెల ఎండకు కాగే రేకుల షెడ్డులో కాళ్ల మీద తేలుతూ ఆడాలంటే రెండో రౌండుకే దమ్ము అయిపోతుంది. అలీని చూసి చేతులు కిందికి వదిలేసి, తల నేరుగా వెనక్కి లాగడం అలవాటైతే ఎదుటివాడి లెఫ్ట్ హుక్ (ఎడమ మోచెయ్యి వంచి పక్కనుంచి వేసే దెబ్బ) గడ్డానికి తగులుతుంది. సాక్షాత్తూ అలీనే 1963లో కూపర్, 1971లో ఫ్రేజియర్ పడేసింది ఆ దెబ్బతోనే.

మార్సియానో ఎత్తు ఆరడుగులకు లోపే, బరువు 84 కిలోలకు అటూ ఇటూ. ఈ రోజుల్లో అయితే ప్రొఫెషనల్ హెవీవెయిట్‌లో కాదు, అంతకంటే తక్కువ బరువు తరగతిలో ఆడేవాడు. మోకాళ్లు వంచి కిందికి దిగి, తల పక్కకు జరుపుకుంటూ దగ్గరికి చొరబడేవాడు. వాల్కాట్‌తో 1952 సెప్టెంబరు ఫైట్‌లో మొదటి రౌండులోనే కింద పడ్డాడు, పన్నెండు రౌండ్ల దాకా ముగ్గురు జడ్జీల పాయింట్లలోనూ వెనకబడే ఉన్నాడు. పదమూడో రౌండులో తాళ్ల దగ్గర ఇద్దరూ ఒకేసారి కుడిచేతి దెబ్బ విసిరారు. మార్సియానోది పొట్టి దెబ్బ, దారి తక్కువ, ముందు అదే తగిలింది. వాల్కాట్ ఎడమ చెయ్యి తాడుకు చిక్కుకుని మోకాళ్ల మీదికి జారిపోయాడు. ఆ ఒక్క రౌండు వీడియోను నెమ్మదిగా నడిపి, భుజాన్ని కాకుండా పాదాన్ని గమనించండి. దెబ్బ బలం పాదం నుంచే మొదలవుతుంది.