హాస్పిటల్లో ఉంచాలా, ఇంటికి తీసుకెళ్లాలా? నా లెక్క రాత్రి రెండు గంటలది

"మీరు అమ్మను చివర్లో ఇంటికే తీసుకుపోయారంట కదా, మమ్మల్ని కూడా అట్లనే చేయమంటారా?"

గత ఏడాదిగా నన్ను ఈ మాట అడిగినవాళ్లు పదిమందికి తక్కువ ఉండరు. చిన్నమ్మ కొడుకు అడిగాడు. ఆఫీసులో కింద ఫ్లోర్‌లో పనిచేసే అతను అడిగాడు. ముఖం కూడా తెలియనివాళ్లు ఎవరి దగ్గరో నంబర్ తీసుకుని ఫోన్ చేశారు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పడం, ఫోన్ పెట్టేశాక 'అయ్యో, ముఖ్యమైంది మరిచిపోయానే' అనుకోవడం మామూలైపోయింది. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. పాలియేటివ్ కేర్ అంటే జబ్బు నయం కాని దశలో నొప్పి, బాధ తగ్గించే వైద్యం. అంతకుమించి మళ్లీ మొదటినుంచి చెప్పను. ఇక్కడిదాకా వచ్చి చదువుతున్నారంటే మిగతాది మీకు తెలిసే ఉంటుంది.

నా దృష్టిలో తేల్చేది ఒక్కటే. రాత్రి రెండు గంటలకు నొప్పి లేస్తే, పావుగంటలోపు మందు ఎక్కడ పడుతుంది? హాస్పిటల్లో పడేట్టయితే హాస్పిటలే మేలు. ఇంట్లో పడేట్టయితే ఇల్లే మేలు. ఖర్చు, దూరం, 'మంచి హాస్పిటల్లో పెట్టలేదు' అంటారేమోనన్న భయం, ఇవన్నీ ఆ తర్వాతే.

అమ్మది రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయిన నాలుగేళ్లకు వెన్నెముకకు, తుంటికి పాకింది. నేనుండేది హైదరాబాద్‌లో, అమ్మ ఉండేది సూర్యాపేట దగ్గర మా ఊళ్లో, తమ్ముడి దగ్గర. మొదట ఒక ప్రైవేటు హాస్పిటల్లో చేర్చాం, పేరు అనవసరం. ఏసీ గది, శుభ్రమైన దుప్పట్లు, తలుపు కొట్టి లోపలికి వచ్చే సిస్టర్లు. పగలంతా బాగానే ఉండేది. రాత్రి నొప్పి లేస్తే బెల్ నొక్కేదాన్ని. సిస్టర్ వెంటనే వచ్చేది, పాపం ఆమె తప్పేమీ లేదు. "డ్యూటీ డాక్టర్‌కి చెప్తానమ్మా" అనేది. ఆయన ఐసీయూలో ఉండేవాడు. ముప్పావు గంటకు పారాసిటమాల్ డ్రిప్ ఎక్కేది. అమ్మ అరిచే మనిషి కాదు, మంచం కమ్మీ పట్టుకుని పళ్లు బిగించేది. తెల్లారి రౌండ్స్‌కి వచ్చిన పెద్ద డాక్టర్ "నిద్ర పట్టిందా?" అని అడిగి ఫైల్ చూసి వెళ్లిపోయేవాడు. ఇలా తొమ్మిది రాత్రులు. ఆరో రోజు, తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ గురించి అడిగితే "మా ఫార్మసీలో ఉండదు" అన్నారు.

నేను నమ్మలేదు. అంత పెద్ద హాస్పిటల్లో అదెందుకు ఉండదు? తర్వాత తెలిసింది. మత్తుమందుల చట్టం 1985లో వచ్చాక నొప్పి మందులు కూడా అందులో చిక్కుకుపోయాయి. ఒక్కో హాస్పిటల్ నాలుగైదు లైసెన్సులు తెచ్చుకోవాల్సి వచ్చేది, అంత తలనొప్పి ఎవరికి కావాలి? 2014లో ఆ చట్టాన్ని సవరించి, రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ శాఖ గుర్తింపు ఉంటే చాలన్నారు. అయినా ఆ గుర్తింపు తెచ్చుకోని పెద్ద పెద్ద హాస్పిటళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి చేర్చేముందు గది అద్దె అడిగినట్టే ఈ రెండూ అడగండి: నోటితో వేసుకునే మార్ఫిన్ మీ దగ్గర ఉందా? రాత్రిపూట నొప్పి లేస్తే డాక్టర్ కోసం ఆగకుండా సిస్టరే ఇచ్చేలా ఎస్‌ఓఎస్, అంటే అవసరమైనప్పుడు వేసే మందు, రాసిపెడతారా? రెండింటికీ ఔనంటేనే అది పాలియేటివ్ కేర్ ఉన్న హాస్పిటల్. బోర్డు మీద ఏం రాసి ఉన్నా సరే.

అక్కణ్నుంచి రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్ పాలియేటివ్ ఓపీకి వెళ్లాం. అడ్మిట్ చేసుకుని నాలుగు రోజులు ఉంచారు. హాస్పిటల్ వల్ల మాత్రమే అయ్యే పనులు ఏమిటో అప్పుడు అర్థమైంది. మొదటిది, మోతాదు కుదర్చడం. ఎంత మార్ఫిన్‌తో నొప్పి తగ్గుతుంది, వాంతులు ఎలా ఉన్నాయి, మగత ఎంత అని గంట గంటకూ చూసే మనిషి కావాలి. రెండోది, ఎముక నొప్పికి రేడియేషన్. అమ్మకు ఒకే ఒక్క సిట్టింగ్ ఇచ్చారు, 8 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత). నొప్పి తగ్గడానికి రెండు వారాలు పట్టింది, కానీ తగ్గింది. 'ఈ దశలో మళ్లీ కరెంటు ఎందుకు' అని మా పెదనాన్న గొణిగాడు గానీ, ఆ ఒక్కరోజు శ్రమ తర్వాత మూడు నెలలు పనికొచ్చింది. పొట్టలో నీరు తీయడం, రక్తం ఎక్కించడం లాంటివి కూడా ఈ కోవలోవే.

వెన్నెముకకు పాకినవాళ్ల ఇంట్లోవాళ్లు ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. కాళ్లు ఉన్నట్టుండి పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి. అప్పుడు ఏది మేలని ఇంట్లో పంచాయితీ పెట్టుకోకండి.

ఇక ఇల్లు. నాలుగో రోజు అమ్మే అడిగింది, "ఇగ నన్ను ఇంటికి తోల్కపో బిడ్డా." డిశ్చార్జ్‌కి ముందు సిస్టర్ మా మరదలిని కూర్చోబెట్టి గంటసేపు నేర్పింది. ఇంటికి తీసుకెళ్లడం అంటే నా లెక్కలో ఆ గంటే. మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి, గడియారం ప్రకారం. నొప్పి వచ్చేదాకా ఆగి వేయడం కాదు. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. రాత్రి పదిగంటలప్పుడు డాక్టర్ రెట్టింపు రాశారు, మధ్యలో లేపి ఇవ్వకుండా. మధ్యలో నొప్పి లేస్తే ఎస్‌ఓఎస్‌గా ఒక మాత్ర, దాని టైము పుస్తకంలో రాయాలి. మార్ఫిన్ ఉన్నన్నాళ్లూ విరేచనం సాఫీగా అయ్యే మందు తప్పనిసరి. ఇది మానేస్తే నాలుగో రోజుకు నొప్పికన్నా మలబద్ధకమే ఎక్కువ ఏడిపిస్తుంది. మొదటి రెండు మూడు రోజులు మగతగా, వికారంగా ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. పిలిచినా లేవనంత నిద్ర, ఊపిరి బాగా నెమ్మదించడం కనిపిస్తే తర్వాతి డోసు ఆపి ఫోన్ చేయాలి. ఇవి మా అమ్మకు చెప్పినవి, మీవాళ్ల మోతాదు మీ డాక్టరే చెప్పాలి.

'అలవాటు పడిపోతుందేమో' అని అందరూ అడుగుతారు. మా తమ్ముడూ అడిగాడు. డాక్టర్ మేడమ్ నవ్వి, "నొప్పి కోసం లెక్క ప్రకారం వాడితే వ్యసనం కావడం చాలా అరుదు. మీ అమ్మ హాయిగా కూర్చుని టీ తాగితే మీకేం ఇబ్బంది?" అంది. అమ్మ నిజంగానే కూర్చుని టీ తాగింది, అరుగు మీద, ఊళ్లోవాళ్లందరినీ పలకరిస్తూ. ఇల్లు మేలని నేను పదే పదే అనడానికి ఈ అరుగు కొంత కారణం, దాచడం ఎందుకు.

హోమ్ కేర్ విషయంలో ఒక అపోహ బాగా ఉంది. హోమ్ కేర్ టీమ్ అంటే సిస్టర్ వచ్చి మన ఇంట్లోనే ఉంటుందనుకుంటారు. ఉండదు. వారానికో పది రోజులకో వస్తారు, పుండ్లు శుభ్రం చేసి కట్టు కడతారు, మందులు సరిచూస్తారు, ఇంట్లోవాళ్లకు పని నేర్పుతారు, వెళ్లిపోతారు. మిగతా రాత్రులన్నీ మనవే. తెలంగాణలో జిల్లా స్థాయి పాలియేటివ్ సెంటర్లు ఉన్నాయి, 'ఆలన' పేరుతో వాహనంలో ఇళ్లకు వెళ్లే ప్రభుత్వ టీములూ ఉన్నాయి. మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి, పీహెచ్‌సీలో ఏఎన్ఎంకి గానీ ఆశా కార్యకర్తకి గానీ చెప్పినా దారి చూపిస్తారు. ఉత్తరాంధ్ర వాళ్లకు విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది. కేరళలో దీన్ని ఊరివాళ్లే భుజాన వేసుకున్నారు. 1993లో కోళికోడ్‌లో మొదలైంది, 2008కి రాష్ట్ర పాలసీయే వచ్చింది. మన దగ్గర ఇంకా జిల్లా కేంద్రం దాకా వెళ్లి అడిగి తెచ్చుకోవాలి.

మార్ఫిన్ మామూలు మెడికల్ షాపులో దొరకదు. ఇల్లు ఎంచుకుంటే ఇది పెద్ద చిక్కు. సూర్యాపేటలో మందు అయిపోయిన శుక్రవారం సాయంత్రం మా తమ్ముడు పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. చాలా చోట్ల పేషెంటును తీసుకెళ్లక్కర్లేదు, ఫైల్, పుస్తకం పట్టుకుని ఇంట్లోవాళ్లు వెళ్తే ఇస్తారు. కానీ డబ్బాలో ఐదు రోజులది మిగిలి ఉండగానే బయలుదేరాలి. మింగలేని పరిస్థితి వస్తే ఏం చేయాలో కూడా ముందే అడిగి పెట్టుకోండి. చర్మం కింద చిన్న సూది ఉంచి దానిలోంచి ఇవ్వడం ఇంట్లోవాళ్లకు నేర్పుతారు. మా మరదలు పదో తరగతి దాకా చదివింది, రెండుసార్లు చూసి నేర్చుకుంది.

ఇంటికి తెచ్చుకున్నాక అందరూ చేసే పొరపాటు ఒకటుంది. చివరి రోజుల్లో ఊపిరి గురగురమంటుంది, ఎవరో ఒకరు భయపడి 108కి కొడతారు. అంబులెన్స్ వాళ్ల పని ప్రాణం నిలబెట్టి హాస్పిటల్‌కి చేర్చడం, వాళ్లు అదే చేస్తారు. గంటలో ఐసీయూ తలుపు దగ్గర 'వెంటిలేటర్ పెట్టమంటారా' అనే కాగితం మీ చేతిలో ఉంటుంది. నెలరోజులు ఆలోచించి చేసిన నిర్ణయం ఒక్క ఫోన్‌తో పోతుంది. మేం గోడ మీద పెద్ద అక్షరాలతో పాలియేటివ్ టీమ్ నంబర్ రాసి, కింద 'ముందు ఇది' అని రాశాం. మనిషి తెలివిలో ఉండగానే ఏం వద్దో చెప్పించి కాగితం మీద పెట్టుకోవడం ఇంకా మంచిది. సుప్రీంకోర్టు 2018లో దీన్ని ఒప్పుకుంది, 2023లో ఇద్దరు సాక్షులు, నోటరీ సంతకంతో సరిపోయేలా సులభం చేసింది. మేం చేయలేదు. అమ్మ ముందు ఆ మాట ఎత్తే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.

ఇల్లు అందరికీ కుదరదు, ఆ మాట కూడా ఒప్పుకోవాలి. చూసుకునే మనిషి ఒక్కరే అయితే కుదరదు. కనీసం ఇద్దరు కావాలి, లేకపోతే రెండో వారానికి ఆ ఒక్కరూ మంచం పడతారు. నోటి క్యాన్సర్‌లో పుండు నుంచి రక్తం కారుతుంటే ఇంట్లో పిల్లలున్నవాళ్లు తట్టుకోలేరు. ఇక హైదరాబాద్‌లో మరో సంగతుంది, ఎవరూ పైకి అనరు: అద్దె ఇల్లు. "మా ఇంట్లో అలాంటిది జరగొద్దు" అని ఓనర్ ముఖం మీదే చెప్పిన కుటుంబాలు నాకు తెలిసి రెండున్నాయి. అలాంటివాళ్లు మంచం మీద మనిషిని పెట్టుకుని ఎక్కడికి పోతారు?

వాళ్లకు నేను చెప్పేది హాస్పైస్, అంటే చివరి దశలో ఉన్నవాళ్లను ఉంచుకుని చూసుకునే చోటు. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పైస్ ఉంది, బంజారాహిల్స్ రోటరీ క్లబ్ వాళ్ల ట్రస్టు నడుపుతుంది, పైసా తీసుకోరు. నగరంలో ఇళ్లకు కూడా టీములను పంపిస్తారు. అక్కడ రాత్రి రెండు గంటలకు మందు పడుతుంది, నా లెక్కలో అది నెగ్గినట్టే. కానీ మందు ఒక్కటే చూస్తే సరిపోదు, మా అమ్మకు ఆ అరుగు కావాలి, గేదె అరుపు వినపడాలి. మీవాళ్లకు అలాంటిదేమీ లేకపోతే, లేదా ఇంట్లో ఇద్దరు మనుషులు లేకపోతే, హాస్పైస్ పేరు వినగానే ముఖం తిప్పుకోకండి. 'వదిలించుకున్నారు' అనేవాళ్లు ఒక్క రాత్రి వచ్చి కూర్చోరు.

ఏజెన్సీ వాళ్లు పంపే కేర్‌టేకర్లు: స్నానం, డైపర్, పక్క మార్చడం వరకు పనికొస్తారు. మార్ఫిన్ పుస్తకం మాత్రం వాళ్ల చేతికివ్వకండి. వీడియో కాల్‌లో డాక్టర్: మందు మార్పులకు సరే.

ఇంట్లో పోతే డెత్ సర్టిఫికెట్ ఎలా అన్నది చివరి ప్రశ్న, అందరూ గొంతు తగ్గించి అడుగుతారు. 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శి దగ్గర. చూస్తున్న డాక్టర్ మరణ కారణం రాసిస్తే పని తేలిక. హోమ్ కేర్ టీమ్‌లో పేరు నమోదై ఉంటే ఆ కాగితానికి తిరగక్కర్లేదు.

దశదినకర్మ అయ్యాక మిగిలిన మాత్రలు వెనక్కి ఇవ్వడానికి ఓపీకి వెళ్లాను. అవి ఇంట్లో ఉంచకూడదు, ఇచ్చినచోటే అప్పజెప్పాలి. పద్నాలుగున్నాయి. సిస్టర్ రెండుసార్లు లెక్కపెట్టి రిజిస్టర్‌లో రాసి, నాచేత సంతకం పెట్టించింది. తర్వాత మరదలి పుస్తకం తిరగేసింది. రాత్రి రెండు గంటల కాలమ్‌లో చివరి పదకొండు రోజులూ ఖాళీ.

"ఈమె నిద్రపోతోందా ఇప్పుడు?" అని అడిగింది, మరదలి గురించి.