స్టాక్ చూసి మోసపోకండి: చాలాకాలం ఆడాక అన్నో 1800

2019 ఏప్రిల్‌లో వచ్చిన అన్నో 1800 అనే కంప్యూటర్ గేమ్‌ని ఇప్పటికీ వదలకుండా ఆడుతున్నాను. నగరాలు కట్టే గేములకేం కొదవ లేదు. కానీ ఒక దీవిలో పండినదాన్ని ఇంకో దీవిలో వాడేవాళ్ల దాకా చేర్చే పనిని ఇంత శ్రద్ధగా తీర్చిదిద్దిన గేమ్ నాకు మరొకటి తగల్లేదు. గ్రాఫిక్స్ అందంగా ఉంటాయి, కథ మామూలే. వాటి గురించి ఇంతకుమించి చెప్పను.

మొదట్లో అంతా సులువే. గొర్రెల ఫారం ఒకటి, బట్టలు అల్లే చోటు ఒకటి. రెండూ 30 సెకన్లకు ఒక టన్ను ఇస్తాయి కాబట్టి ఒకటికి ఒకటి సరిపోతుంది. బ్రెడ్ దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. ధాన్యం పొలానికి 60 సెకన్లు, పిండిమరకు 30, బేకరీకి 60. అంటే రెండు పొలాలు, ఒక మర, రెండు బేకరీలు. ఈ లెక్కలు నోటికొస్తే సగం ఆట వచ్చినట్టేనని చాలామంది అంటారు. నన్నడిగితే అది పావు వంతు కూడా కాదు.

అసలు పరీక్ష ఆర్టిసన్లు, అంటే రైతులు, కార్మికుల తర్వాతి మెట్టైన చేతివృత్తులవాళ్లు, వచ్చాక మొదలవుతుంది. వాళ్లకు ఫర్ కోట్లు కావాలి. వాటికి ఫర్, నూలు బట్ట రెండూ ఉండాలి. ఫర్ మనం ఆట మొదలుపెట్టే పాత ప్రపంచంలో దొరుకుతుంది, పత్తి మాత్రం సముద్రం అవతల వేరే ప్రాంతమైన కొత్త ప్రపంచంలో పండి, అక్కడి మిల్లులోనే బట్ట అవుతుంది. కోట్లు కుట్టే చోట నిమిషానికి 2 టన్నుల నూలు బట్ట ఖర్చవుతుంది. ఓడలో ఒక్కో స్లాట్‌కు, అంటే ఒక రకం సరుకు పట్టే అరకు, 50 టన్నులు పడతాయి. ఒక స్లాట్ నిండా బట్ట తెస్తే 25 నిమిషాలకు వస్తుంది. కోట్లు కుట్టే చోట్లు రెండైతే పన్నెండున్నర నిమిషాలే. ఓడ వెళ్లి రావడానికి అంతకంటే ఎక్కువ పట్టిందా, అక్కడ గిడ్డంగి నిండి మిల్లు ఆగిపోతుంది, ఇక్కడ బట్ట లేక కుట్టు ఆగిపోతుంది. తెరచాప ఓడకు ఎదురుగాలి తగిలితే ఇంకా ఆలస్యం. సరుకు లేక కాదు, దారిలో జాప్యం వల్ల వచ్చిన కొరత ఇది. కొత్తవాళ్లు ఇక్కడ కంగారుపడి ఇంకో మిల్లు కడతారు. కావాల్సింది ఇంకో ఓడ.

అందుకే గిడ్డంగిలో కనిపించే అంకెను నేను పెద్దగా నమ్మను. బ్రెడ్ 180 టన్నులుందంటే చూడ్డానికి నిండుగానే ఉంటుంది. నిమిషానికి 3 టన్నుల చొప్పున తగ్గుతుంటే గంటలో సున్నా! ఉత్పత్తి ఎంత, వాడకం ఎంత అని దీవుల వారీగా పక్కపక్కనే చూపించే స్టాటిస్టిక్స్ స్క్రీన్ గేమ్ విడుదలయ్యాక ఒక అప్‌డేట్‌లో వచ్చింది. నా దృష్టిలో ఈ గేమ్‌కు జరిగిన మేలుల్లో అదే పెద్దది. కొత్త వీధి వేసే ముందు ప్రతిసారీ అది తెరుస్తాను.

వాడకం ఎప్పుడూ ఒకేచోట నిలబడదు. రైతుల ఇంట్లో 10 మంది ఉంటారు. దాన్ని కార్మికుల ఇల్లుగా మారిస్తే 20 మంది పడతారు. బ్రెడ్ కావాల్సింది కార్మికులకు, ధాన్యం పండించాల్సింది రైతులు. ఒక్క క్లిక్‌తో తినేవాళ్లు పెరిగారు, పండించేవాళ్లు తగ్గారు. వీధి మొత్తాన్ని ఒకేసారి మార్చేస్తే పొలాల్లో మనుషులు చాలరు, బ్రెడ్ పడిపోతుంది, ఇళ్లలో జనం తగ్గుతారు, దాంతో బేకరీలకూ మనుషులు చాలరు. గేమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ ముడే. దీన్ని విప్పడానికి కమ్యూటర్ పియర్ అనే రేవు కట్టడం ఉంది. ఒకే ప్రాంతంలోని దీవుల మధ్య పనివాళ్లను పంచుకోనిస్తుంది కాబట్టి రైతులందరినీ ఒక చిన్న దీవిలో ఉంచి, పెద్ద దీవిని ఆర్టిసన్లకూ వాళ్ల పై మెట్టైన ఇంజనీర్లకూ వదిలేయొచ్చు. అది చేతికొచ్చేదాకా రైతుల ఇళ్లను తొందరపడి మార్చొద్దని గట్టిగా చెబుతాను.

ఇబ్బంది పెట్టేది ట్రేడ్ రూట్, అంటే ఓడ తనంతట తానే దీవుల మధ్య సరుకు మోసేలా మనం పెట్టే దారి. దించాల్సిన దీవిలో గిడ్డంగి నిండి ఉంటే మిగిలిన సరుకు ఓడలోనే ఉండిపోతుంది, ఆ స్లాట్‌లో వేరే సరుకు ఎక్కదు. రమ్ మిగిలిపోయిన స్లాట్ వల్ల కాఫీ ఆగిపోతే ఇంజనీర్ల వీధులన్నీ గోల పెడతాయి. మిగిలింది సముద్రంలో పారబోసే ఆప్షన్ ఉంది కానీ అంత కష్టపడి తయారుచేసిన రమ్‌ను పారబోయడానికి నాకు చేతులు రావు. కొత్త ప్రపంచం నుంచి వచ్చే ప్రతి సరుకుకూ విడిగా ఓడ పెడతాను. ఖర్చు ఎక్కువే, కానీ ఎక్కడ ఆగిందో చూడగానే తెలుస్తుంది.