ఫాఫ్సా నింపిపెట్టే కన్సల్టెన్సీ – 2 స్టార్లు, అవీ ఫోన్ ఎత్తే అమ్మాయికి

ఇక్కడ అమెరికాలో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే కాలేజ్ ప్లానింగ్ సర్వీసుల్లో ఒకటి మా అబ్బాయి కోసం తీసుకున్నాం, పేరు రాయను. ఫాఫ్సా అంటే కాలేజీ చదువుకి ఫెడరల్ ఎయిడ్, అంటే ఇక్కడి కేంద్ర ప్రభుత్వ సాయం, కోసం నింపే ఫారం. మొదటి కాల్‌లోనే, మీ ఇద్దరి జీతాలు చూపిస్తే ఏమీ రాదండీ, బాబుని ఇండిపెండెంట్ చేసేద్దాం (అంటే మా జీతాలు చూపించక్కర్లేని వాడిగా), టాక్స్‌లో వాణ్ణి మీ మీద ఆధారపడ్డవాడిగా క్లెయిమ్ చెయ్యకండి, అడ్రస్ మీ తమ్ముడి ఇంటిది పెట్టండి అన్నారు. మా ఆయన అప్పుడే సరే అనేశారు. నేను ఫారంలో ఇండిపెండెంటా కాదా అని తేల్చే ప్రశ్నలు చదివా, అసలు టాక్స్ క్లెయిమ్ ఊసే లేదు వాటిలో!

2026-27 చదువు ఏడాదికి అడిగేది ఏంటంటే 2003 జనవరి 1కి ముందు పుట్టాడా, పెళ్ళయిందా, మాస్టర్స్ లాంటిది చదవబోతున్నాడా, మిలిటరీలో ఉన్నాడా, వాడు పోషించాల్సిన పిల్లలున్నారా, 13 దాటాక తల్లీతండ్రీ లేకుండాగానీ ఫోస్టర్ కేర్‌లోగానీ ఉన్నాడా, కోర్టు గార్డియన్‌ని పెట్టిందా, ఇల్లు లేక ఒంటరిగా ఉన్నాడా, దాదాపు ఇవే. ఒక్కదానికీ ఎస్ లేకపోతే వాడు సొంతంగా సంపాదించుకుంటున్నా మన జీతాలు చూపించాల్సిందే. 18 ఏళ్ళ వాడికి ఏది టిక్ పెట్టమంటారు, పెళ్ళి చేసెయ్యమంటారా అని అడిగా, అటునించి సౌండ్ లేదు.

తర్వాత ఇంకో ఐడియా, మేం డబ్బులివ్వం అని లెటర్ రాసిస్తే డిపెండెన్సీ ఓవర్‌రైడ్ అడుగుతారట, అంటే ఆ ప్రశ్నలకి ఎస్ లేకపోయినా ఇండిపెండెంట్‌గా చూడమని కాలేజీని అడగడం. దానికి ఇంట్లో హింస, పేరెంట్స్ వదిలేసి పోవడం, జైల్లో ఉండటం లాంటివి ఉండాలి, మేం ఇవ్వం అంటే కుదరదు, మహా అయితే అన్‌సబ్సిడైజ్డ్ లోన్ (చదువుతున్నప్పుడు కూడా వడ్డీ మన మీదే పడేది) వస్తుంది. ఆ లోన్ కూడా మొదటి ఏడాది మామూలుగా 5,500 డాలర్లు, ఇండిపెండెంట్ అయితే 9,500. దీనికోసం అబద్ధం రాసి దొరికితే 20,000 డాలర్ల దాకా ఫైనూ, జైలూనూ!

ఫోన్ ఎత్తే అమ్మాయి మాత్రం పనికొచ్చే మాటలు చెప్పింది. పేరెంట్స్ జాయింట్‌గా టాక్స్ వేస్తే ఒక్కళ్ళు కాంట్రిబ్యూటర్‌గా (ఫారంలో తమ వివరాలిచ్చి సంతకం పెట్టేవాళ్ళుగా) ఉంటే చాలట, పిల్లాడు సిటిజన్ అయితే మనం హెచ్1బి మీదున్నా పర్లేదట. అదే హెచ్4 (హెచ్1బి వాళ్ళ కుటుంబ వీసా) పిల్లలకీ, ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చేవాళ్ళకీ ఫెడరల్ ఎయిడ్ లేదు, ఇలాంటి కన్సల్టెన్సీకి ఫీజు కట్టేముందే చూసుకోండి.

ఫారం ఫ్రీ, చివరికి మేమే నింపుకున్నాం. రీఫండ్ అడిగితే, ఫాఫ్సా ఏటా నింపాలి కదండీ, వచ్చే ఏడాది ఫీజులో అడ్జస్ట్ చేస్తాం అన్నారు.