ట్రాన్స్ యామా? బ్లూస్‌మొబీలా?
కార్ల ఛేజింగ్, కామెడీ కలిసిన పాత హాలీవుడ్ సినిమాలంటే నాకు ప్రాణం. 1977 నాటి 'స్మోకీ అండ్ ద బ్యాండిట్'లో బర్ట్ రేనాల్డ్స్ నడిపిన నల్ల పాంటియాక్ ట్రాన్స్ యామ్ చూడగానే మనసు లాగేస్తుంది. బానెట్ మీద ఆ బంగారు రంగు పక్షి! దర్శకుడు హాల్ నీడమ్ స్వయంగా స్టంట్‌మ్యాన్, అందుకే కారు గాల్లోకి లేస్తే దాని బరువు మనకు తెలుస్తుంది.

1980 నాటి 'ద బ్లూస్ బ్రదర్స్'లోని కారు పేరు బ్లూస్‌మొబీల్, అది పోలీసులు వాడి వదిలేసిన 1974 డాడ్జ్ మొనాకో. నాలుగు తలుపుల సెడాన్, అందం తక్కువే. కానీ షికాగో దగ్గర మూతపడిన డిక్సీ స్క్వేర్ మాల్‌లో నిజంగానే కార్లు తోలి, అద్దాలు పగలగొట్టి తీసిన ఆ సీను ముందు నేటి గ్రాఫిక్స్ నిలవవు. పోలీసు కార్లు గుట్టలుగా పడే ఘట్టం మరో పండగ.

గ్యారేజీలో పెట్టుకోవాలంటే ట్రాన్స్ యామే. మళ్లీ మళ్లీ చూడాలంటే మాత్రం నా ఓటు మొనాకోకే.